కమాను పట్టీ కత్తులకు ఏ పాలిష్ పెట్టాలి, ఎలా పెట్టాలి

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను. పాతపట్నం దగ్గర కొలిమి, పాత లారీ కమాను పట్టీలతో కత్తులు. యాంగిల్ గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (ఉప్పుకాగితం రెక్కల చక్రం) వేసి అరగదీసి, ఆపైన బఫ్ (పాలిష్ మందు పూసిన గుడ్డ చక్రం) కొట్టి అన్నిటికీ అద్దం మెరుపు తెస్తున్నారు. ఇబ్బందులు మూడు. సోంపేట, కవిటి వైపు అమ్మిన కత్తులకి పది రోజుల్లో తుప్పు చుక్కలు వస్తున్నాయి. బఫ్ కొట్టినప్పుడు కనబడని గీతలు ఎండలో పెట్టి చూస్తే తేలుతున్నాయి. వెనిగర్‌లో వేసి నల్లగా చేద్దామంటే మచ్చలు మచ్చలుగా వస్తోంది. వంటింటి కత్తికి, తోటలోకి వాడే కత్తికి, పర్లాకిమిడి కొమ్ము పిడి వేసి కానుకగా ఇచ్చే కత్తికి ఏది బాగుంటుందన్నది ప్రశ్న.

అద్దం మెరుపు కానుక కత్తికి మాత్రమే ఉంచండి. వంటింటి కత్తికి 400 నంబరు ఉప్పుకాగితం దాకా (నంబరు పెరిగిన కొద్దీ గరుకు సన్నం) చేత్తో రుద్దిన సాటిన్, అంటే గీతలన్నీ ఒకే దిక్కుకి పోయే సన్నటి మెరుపు చాలు. తోట కత్తికి పైభాగాన కొలిమి నలుపు అలాగే వదిలేసి, వాలు, అంటే వాదర వైపుకి పలచబడే భాగం మాత్రం 220 దాకా ఉక్కు మెరిసేలా తెల్లగా తీయండి. నల్ల కత్తి కావాలని అడిగేవాళ్ళకి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి, గులకరాళ్ళతో దొర్లించి ఇవ్వండి. ఇక కారణాలు, పద్ధతులు.

కమాను పట్టీ ఉక్కు తుప్పు పట్టని రకం కాదు. మన లారీల పట్టీల్లో ఎక్కువగా సిలికాన్–మాంగనీసు ఉక్కు గానీ, కొంచెం క్రోమియం ఉన్న ఉక్కు గానీ ఉంటుంది. రెంటిలోనూ కార్బన్ సుమారు 0.5 నుంచి 0.65 శాతం. క్రోమియం ఉన్న రకంలో కూడా అది సుమారు ఒక శాతమే. తుప్పు ఆగాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం కావాలి. అద్దంలా మెరిసే కత్తిని చూడగానే కొన్నవాళ్ళు ‘స్టీలు కత్తి’ అనుకుంటారు. చింతపండు చేత్తో పట్టుకుంటారు, కడిగి తడిగానే గట్టు మీద వదిలేస్తారు, పక్కన ఉప్పుగాలి ఉండనే ఉంది. నిజానికి నునుపు ఎక్కువైన కొద్దీ తుప్పు ఆలస్యంగా పడుతుంది, ఎందుకంటే నీరు నిలవడానికి గాళ్ళు ఉండవు. ఆ లెక్కన మీ అద్దం మెరుపు తుప్పుని పెంచట్లేదు, పట్టిన ప్రతి చుక్కనీ ఎత్తి చూపిస్తోంది. సాటిన్ మీద అదే చుక్కని వాడేవాళ్ళే 400 కాగితంతో రెండు గీతలు లాగి పోగొట్టుకోగలరు. అద్దం మీద అలా కుదరదు, కత్తి తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

రెండో ఇబ్బంది, గీతలు తేలడం. ఇది అందరూ చేసే పొరపాటే. బఫ్ గీతని తీయదు, గీత అంచుల్ని గుండ్రం చేసి దాని లోపల కూడా మెరుపు పెడుతుంది. ముప్ఫై ఆరో, నలభయ్యో నంబరు ఫ్లాప్ డిస్క్ పెట్టిన గాడి అలాగే ఉంటుంది, ఏటవాలు ఎండ పడితే కనిపిస్తుంది. పాత కమాను పట్టీలతో ఇంకో తంటా కూడా ఉంది. తుప్పు తిన్న గుంటలు లోతుగా ఉంటాయి. బఫ్ చక్రం గుంట మీద నుంచి పోయేటప్పుడు దాని వెనకాల తోకలాగా ఒక జాడ లాగుతుంది. కత్తి మీద చిన్న చిన్న తోకచుక్కలు కనిపిస్తే అది కంపౌండ్ (బఫ్‌కి పూసే పాలిష్ మందు) తప్పు కాదు, అడుగున గుంటలు ఉన్నాయని అర్థం. గుంట పోయేదాకా కింది నంబరుతో అరగదీయాలి, లేదా ఆ పట్టీని అద్దం మెరుపుకి వాడకూడదు.

పాత పట్టీ విషయంలో ఒక పరీక్ష తప్పక చేయండి. పట్టీల్లో అలసట పగుళ్ళు, అంటే లారీ కింద వంగి వంగి వచ్చిన సన్నటి పగుళ్ళు ఉండొచ్చు, కంటికి కనబడవు. రూపం తెచ్చి, పదును పెట్టి (నూరడం కాదు, ఎర్రగా కాల్చి ముంచి ఉక్కుని గట్టిపరచడం), ఒకసారి 120 నంబరుతో తెల్లగా తీశాక కిరోసిన్‌లో పావుగంట నానబెట్టండి. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి పైన సుద్దముక్క రుద్దండి. పగులు ఉంటే లోపల చేరిన కిరోసిన్ బయటికి ఊరి సుద్ద మీద సన్నటి తడి గీతగా కనిపిస్తుంది. కిరోసిన్ దొరకడం కష్టమైతే డీజిల్‌తో కూడా అవుతుంది, కాకపోతే కాస్త ఎక్కువసేపు ఉంచాలి. పగులున్న కత్తికి నాలుగు గంటలు పాలిష్ పెట్టడం కన్నా ఆ పావుగంట నయం.

పాలిష్ లెక్క నిజానికి కొలిమి దగ్గరే మొదలవుతుంది. కొలిమిలో కాగిన ఉక్కు పైపొరలో కార్బన్ కాలిపోతుంది. మామూలు బొగ్గు కొలిమిలో ఆ మెత్తటి పొర 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. పదును పెట్టకముందే కత్తిని చివరి మందానికి తెచ్చేస్తే, ఆ మెత్తటి పొర తీయడానికి మీకు చోటుండదు. ఒక్కో పక్క 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు అదనంగా ఉంచి, పదును పెట్టాక తీయండి. మీ మచ్చల నలుపుకి ముఖ్యమైన కారణం ఇదే అని నా అనుమానం. మెత్తటి పొర మిగిలిన చోట ఆమ్లం ఒక రంగు ఇస్తుంది, గట్టి ఉక్కు బయటపడ్డ చోట ఇంకో రంగు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదును పెట్టాక పెళుసుతనం తగ్గడానికి 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు కాచిన కత్తిని నిమిషానికి 11,000 చుట్లు తిరిగే చిన్న గ్రైండర్‌తో అరగదీస్తే వాదర దగ్గర రెండు మూడు సెకన్లలో ఉక్కు అంతకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. లేత గడ్డి రంగు వస్తే సుమారు 205 నుంచి 220 డిగ్రీలు, నీలం వస్తే 300 దగ్గర. నీలం వచ్చిన చోట మెత్తబడిపోయింది. ఆ రంగుని పాలిష్‌తో తీసేయొచ్చు గానీ మెత్తదనం ఉండిపోతుంది. అందుకని పదును పెట్టాక చేతికి గ్లవుజు లేకుండా పట్టుకుని అరగదీయండి. వేళ్ళకి కాలుతోంది అనిపించగానే నీళ్ళ బకెట్‌లో ముంచాలి, ప్రతి లాగుడుకీ. ఈ ఒక్క కారణానికే ఫ్లాప్ డిస్క్ మానేసి బెల్ట్ గ్రైండర్‌కి మారమంటాను. కుదరకపోతే వాలులన్నీ పదును పెట్టకముందే ఆకురాయితో దాదాపు పూర్తి చేసి, తర్వాత రాయి మీదా కాగితం మీదా నడిపించండి. ఆకురాయితో తీసిన చదును డిస్క్‌తో రాదు. డిస్క్ అలలు అలలుగా తింటుంది.

కొలిమి పెచ్చు తీయకుండా నేరుగా అరగదీస్తే బెల్టులు, కాగితాలు వృథా. పెచ్చు ఇనుప ఆక్సైడు, కాగితం మీది గరుకుని క్షణాల్లో మొద్దుబారుస్తుంది. కిరాణాలో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్‌లో 12 నుంచి 24 గంటలు వేయండి, బ్రష్‌తో రుద్దితే ఊడి వస్తుంది. కత్తి మొత్తం మునగాలి. సగం మునిగి సగం బయట ఉంటే నీటిమట్టం దగ్గర ఒక గాడి తినేస్తుంది, అది 120 నంబరుకి కూడా సులువుగా పోదు. తీశాక వంటసోడా నీళ్ళలో కడగాలి. బాత్‌రూం కడిగే యాసిడ్‌తో పని త్వరగా అవుతుంది కదా అనుకోవద్దు. పదును పెట్టిన ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసు చేస్తుంది. పైగా దాని ఆవిరికి ఆ షెడ్డులో ఉన్న పట్టుకారులు, ఆకురాళ్ళు, డ్రిల్లు బిట్లు అన్నీ వారంలో ఎర్రబడతాయి.

ఇక చేతి సాటిన్. ఈ సమాధానంలో అసలు పని ఇదే, మిగతావన్నీ దీని మీద కట్టేవే.

కావలసినవి: కార్ల పెయింటు షాపుల్లో దొరికే వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పుకాగితం), 220, 320, 400, 600 నంబర్లు. నంబరు ముందు ‘పి’ అక్షరం ఉన్నదే కొనండి, రకరకాల కంపెనీలవి కలిపినా లెక్క తప్పదు. పి-120లో రవ్వ సుమారు 125 మైక్రాన్లు, పి-220లో 68, పి-400లో 35, పి-600లో 26, పి-1000లో 18. ఈ అంకెలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 120 నుంచి 400కి దూకితే 125 మైక్రాన్ల రవ్వ తీసిన గాడిని 35 మైక్రాన్ల రవ్వతో తీసేయాలని చూస్తున్నారన్నమాట. అవదు. ఒక్కో మెట్టుకి రవ్వ సగం కన్నా ఎక్కువ తగ్గకుండా పోవాలి.

కాగితం కింద గట్టి దిమ్మ ఉండాలి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, అరచేయంత పొడవున్న ఇనుప పట్టీ గానీ, మందపాటి ఫైబర్ షీటు ముక్క గానీ. వేళ్ళతో రుద్దితే వేళ్ళ మధ్య పల్లాలు పడతాయి, వాలు గీత కరిగిపోయి గుండ్రం అయిపోతుంది. చివరి నంబరుకి మాత్రం దిమ్మ మీద పలచటి తోలు ముక్క అతికించుకోండి. కత్తిని ఒక చెక్క మీద పడుకోబెట్టి, పిడి వైపు రెండు క్లాంపులతో బిగించండి. మొన కింద కూడా చెక్క ఉండాలి, చెక్క దాటి మొన బయటికి పొడుచుకుని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చేతిలో దిగుతుంది. వాదర ఇంకా మొద్దుగా, 0.4 మిల్లీమీటర్ల మందంలో ఉండాలి. నూరడం అన్నిటికన్నా చివర.

తడికి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, లీటరుకి ఒక చెంచా వంటసోడా. సోడా ఎందుకంటే ఉత్త నీళ్ళతో తడిపిన తెల్ల ఉక్కు వానాకాలంలో పది నిమిషాల్లో కమలారంగుకి తిరుగుతుంది. సోడా నీళ్ళు దాన్ని ఆపుతాయి. సముద్రం పక్క ఊళ్ళలో బావినీరు ఉప్పగా ఉంటే వాడొద్దు. వాననీళ్ళు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు (యాసిడ్ కాదు) గానీ వాడండి.

220తో మొదలుపెట్టి కత్తికి అడ్డంగా, అంటే వెన్ను నుంచి వాదరకి రుద్దండి. డిస్క్ గీతలు, బెల్టు గీతలు మొత్తం పోవాలి. తర్వాత 320ని ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో. 400ని దానికి ఎదురు ఏటవాలుగా. ప్రతి నంబరుకీ దిక్కు మార్చేది ఎందుకంటే కింది నంబరు గీత ఒక్కటి మిగిలినా కొత్త గీతల మధ్య అడ్డంగా కనబడిపోతుంది. ఒకే దిక్కున రుద్దితే అది దాక్కుంటుంది, చివర్లో బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ మొదటికి. ఒక్కో నంబరు అయ్యాక కత్తి తుడిచి, ఆరబెట్టి, ట్యూబులైటు కిందకి తీసుకెళ్ళి మెల్లగా వంచి చూడండి. కాంతి పక్క నుంచి రావాలి. నెత్తి మీద బల్బు గీతల్ని దాచేస్తుంది. పిడి దగ్గర వాలు మొదలయ్యే మూలలోనూ మొన దగ్గరా మిగిలిపోతాయి, ముందు అక్కడ చూడండి.

కాగితం పొదుపు చేయొద్దు. ఒక ముక్క పదును నిమిషం కూడా ఉండదు. ఆ తర్వాత అది కోయదు, రుద్దుతుంది అంతే. చేయి నొప్పి పుడుతున్నా గీతలు పోకపోతే అదే కారణం. మూడు సెంటీమీటర్ల పట్టీలుగా కోసిపెట్టుకుని, ఎప్పటికప్పుడు కొత్తది. ఎనిమిది అంగుళాల వంటింటి కత్తికి ఒక్కో నంబరుకి పక్కకి అర షీటు నుంచి షీటు దాకా పోతుంది. కొత్తలో రెండు పక్కలకీ కలిపి మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే.

ఇప్పుడు చివరి లాగుడు. సాటిన్ అందమంతా ఇక్కడే ఉంది. చెడేది కూడా ఇక్కడే. 400తో ఆపదలచుకుంటే కొత్త 400 పట్టీని దిమ్మకి బిగువుగా చుట్టి, పిడి వైపు మూలలో ఆనించి, మొన దాకా ఒక్క లాగుడు. మొన దాటాక చేయి ఎత్తాలి. మళ్ళీ మూల నుంచే మొదలు. ముందుకీ వెనక్కీ రుద్దకూడదు. వెనక్కి తిప్పిన చోట రవ్వ దొర్లి గీత చివర చిన్న కొక్కెం వేస్తుంది, గాలపు ముల్లులాగా. మూల దగ్గర వరసగా అలాంటి కొక్కేలు కనిపిస్తే చేయి అక్కడ ఆగి తిరిగిందని అర్థం. ఒక్కో లాగుడికి కాగితాన్ని కొద్దిగా జరిపి తాజా భాగం తగిలేలా చూసుకోండి. పక్కకి ఇరవై, ముప్ఫై లాగుళ్ళు చాలు. ఎక్కువ చేసిన కొద్దీ బాగుపడదు, ఎక్కడో ఒక రవ్వ ఊడి పెద్ద గీత పడుతుంది.

వంటింటి కత్తికి 400 ఎందుకు, 1000 ఎందుకు కాదు? ఒకటి, గిన్నెలు తోమే పీచు తగిలితే 1000 మీద గీత కనబడుతుంది, 400 మీద కలిసిపోతుంది. రెండు, నున్నటి పక్కలకి బంగాళాదుంప ముక్కలు తడితో అతుక్కుంటాయి, సన్నటి గీతలున్న పక్కకి కొంచెం తక్కువ. మూడు, ధర. కత్తిపీటలకైతే 320 దగ్గరే ఆపేయండి. సరిహద్దు అవతల ఒడియా వాళ్ళు ‘పనికి’ అని అడిగేదీ అదే వస్తువు కదా, రెండు వైపులా దాన్ని బూడిదతో తోమేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మీరు పెట్టిన 1000 నంబరు మొదటి తోముడుకే పోతుంది.

తోట కత్తి గురించి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస నరికే కత్తికి పూర్తి పాలిష్ పెట్టడం శ్రమ దండగ. జీడిపండు రసంలో టానిన్ ఉంటుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. పనస పాలు అతుక్కుంటాయి. అలాంటి కత్తికి గట్టిగా పట్టుకున్న కొలిమి నలుపే మంచి రక్షణ. పద్ధతి ఇలా. పదును పెట్టి, కాచి దించాక, ఇనుప తీగ బ్రష్‌తో ఊడే పెచ్చునంతా ఊడగొట్టండి. ఊడనిది మిగలాలి, ముదురు బూడిద రంగులో. ఎక్కడైనా పెచ్చు పొక్కిలా లేచి ఉంటే గోరుతో గీకితే ఊడుతుంది. అలాంటిది వదిలితే దాని కిందే తుప్పు మొదలవుతుంది. తర్వాత వాలుని 120, 220తో తెల్లగా తీయండి. నలుపుకీ తెలుపుకీ మధ్య గీత సూటిగా రావాలంటే నలుపు వైపు రెండు పొరలు మాస్కింగ్ టేపు వేసి, దిమ్మతోనే రుద్దండి. ఆఖర్న అవిసె నూనె పలచగా పూసి, కనబడనంత పలచగా తుడిచి, 170–180 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే నూనె గట్టి పొరగా మారుతుంది. ఇది పిడి వేయకముందు చేయాలి, కాచిన 200 డిగ్రీలు దాటకూడదు. ఓవెన్ లేకపోతే మానేయండి, పొయ్యి మీద అంచనాగా చేస్తే ఉక్కు గట్టిదనం పోగొట్టుకుంటారు. ఉత్త కొబ్బరినూనె రాసి ఇచ్చినా చాలు. పనస కోసేముందు కూడా అదే నూనె రాయమని చెప్పండి, పాలు అతుక్కోవు. వంటింటి కత్తికి మాత్రం ఈ నలుపు వెన్ను వైపు సన్నటి పట్టీ వరకే ఉంచండి, గరుకులో చేప, మాంసం ఇరుక్కుంటాయి.

నల్లగా చేయడం. వెనిగర్ పనికొస్తుంది గానీ నెమ్మది, సమంగా రావడం కష్టం. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో సర్క్యూట్ బోర్డులు తినిపించడానికి అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చుకోండి. రెండు రకాలుగా వస్తుంది. పసుపు గోధుమ రంగు గడ్డలైతే లీటరు నీళ్ళకి 180 నుంచి 200 గ్రాములు. నల్లటి పొడైతే 110 నుంచి 120 గ్రాములు. నల్లపొడి నీళ్ళలో పడితే బాగా వేడెక్కి పొగలు వస్తాయి. అందుకని ఎప్పుడూ నీళ్ళలోకి పొడి, కొద్దికొద్దిగా, ఆరుబయట, కళ్ళద్దాలు పెట్టుకుని. పొడి మీద నీళ్ళు పోయకండి. ప్లాస్టిక్ లేదా గాజు పాత్ర. స్టీలు, అల్యూమినియం, ఇత్తడి అన్నిటినీ తినేస్తుంది, సిమెంటు గచ్చు మీద పడితే పసుపు మచ్చ ఇక పోదు.

కత్తి ముందు 400 లేదా 600 దాకా శుభ్రంగా వచ్చి ఉండాలి. నలుపు గీతల్ని దాస్తుందనుకుంటారు. ఉల్టా, మిగిలిన 120 గీతని ఎత్తి చూపిస్తుంది. గిన్నెల సబ్బుతో కడిగి, నీళ్ళు పోస్తే బొట్లు కట్టకుండా పొరలాగా జారాలి. బొట్లు కట్టిన చోట జిడ్డు ఉంది, అక్కడ మచ్చ ఖాయం. ఆ తర్వాత వేలు తగలకూడదు. వేలిముద్ర అచ్చు గుద్దినట్టు వస్తుంది. పిడి లోపలికి పోయే తోకకి రంధ్రం ఉంటుంది కదా, దానికి ప్లాస్టిక్ తాడు కట్టి నిలువుగా వేలాడదీయండి. ఒక్కసారిగా మొత్తం ముంచాలి. ఐదు నిమిషాలు ఉంచి, తీసి, నీళ్ళలో దూదితో మసి తుడిచి, మళ్ళీ ఐదు నిమిషాలు. మూడు నాలుగు ముంపులకి సమంగా ముదురు బూడిద రంగు వస్తుంది. పది నిమిషాలు దాటినా ఏమీ జరగకపోతే జిడ్డు మిగిలి ఉండాలి, లేదా ద్రావణం వాడి వాడి ఆకుపచ్చకి తిరిగి ఉండాలి.

బయటికి తీశాక లీటరుకి రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపిన నీళ్ళలో పది నిమిషాలు. ఇది తగ్గిస్తే రాత్రికి కమలారంగు పొడి లేస్తుంది. క్లోరైడు ఉక్కు మీద మిగిలి తినడం ఆపదు. ఆఖర్న మరిగించి కాస్త చల్లార్చిన నీళ్ళు పోయండి, కత్తి తన వేడికే ఆరిపోతుంది. వెంటనే నూనె. మరీ నల్లగా కావాలంటే నూనెకి ముందు చిక్కటి కరక్కాయ కషాయంలో కొన్ని గంటలు ఉంచండి. కలంకారీ వాళ్ళు గుడ్డ మీద నలుపు తెప్పించేది కూడా ఇనుముకీ కరక్కాయకీ మధ్య జరిగే ఈ కలయికతోనే. ఇదీ తుప్పుని పూర్తిగా ఆపదు. తడిగా వదిలేస్తే నల్ల కత్తికీ పడుతుంది.

వాడేసిన ద్రావణాన్ని కాలవలోకో మహేంద్రతనయ నదిలోకో పారబోయకండి. నురగ ఆగేదాకా వంటసోడా వేస్తే గోధుమరంగు మడ్డి కిందకి దిగుతుంది. దాన్ని ఎండబెట్టి చెత్తలో వేయొచ్చు.

నల్లగా తీసిన కత్తిని అలాగే అమ్మితే నెల రోజుల్లో గీతలు పడి పాతగా కనిపిస్తుంది. ముందే మీరే సమంగా గీతలు పడేట్టు చేస్తే ఆ బాధ ఉండదు. నాలుగు అంగుళాల ప్లాస్టిక్ నీళ్ళ పైపు, కత్తి కన్నా మూడు అంగుళాలు పొడుగు, రెండు వైపులా మూతలు. సగం దాకా ఏటి గులకరాళ్ళు, 8 నుంచి 12 మిల్లీమీటర్లవి, అన్నీ గుండ్రంగా. కంకర కాదు. విరిగిన రాయి ఒక్కటి ఉన్నా దాని అంచు గీత మొత్తం పనిని చెడగొడుతుంది. రాళ్ళని ముందు కడిగి ఇసుక పోగొట్టండి. కప్పు పలచటి నూనె పోసి, మూత బిగించి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నేల మీద దొర్లించండి, మధ్యమధ్య ఊపండి. ఎత్తు భాగాల్లో నలుపు కాస్త తేలి, అడుగున నిలిచిపోయి, రాతి పలక రంగు వస్తుంది. పాత పట్టీల చిన్న గుంటలు కూడా ఇందులో కలిసిపోతాయి. మీ దగ్గర ఉన్న సరుకుకి నిజాయితీగా నప్పే పాలిష్ ఇదే అని నా అభిప్రాయం. ఇది కూడా నూరకముందే.

అద్దం మెరుపు పెట్టాలంటే గుంటలు లేని కొత్త పట్టీ ముక్క తీసుకోండి. పైన చెప్పిన చేతి పనినే 600, 1000, 1500, 2000 దాకా పొడిగించాలి, దిక్కు మారుస్తూ. బఫ్ వంతు చివరి పది నిమిషాలే. ఎనిమిది అంగుళాల గుడ్డ చక్రాన్ని 1440 చుట్ల మోటారుకి వేస్తే అంచు నిమిషానికి సుమారు 900 మీటర్ల వేగంతో పోతుంది, అది చాలు. 2800 మోటారుకి వేస్తే వేగం రెట్టింపు. కత్తి చేసే షాపులో బఫ్ అంత ప్రమాదకరమైన యంత్రం ఇంకోటి లేదు. చక్రం కింది పావు భాగంలోనే పని చేయండి, వాదర ఎప్పుడూ చక్రం తిరిగే వైపుకే, అంటే కిందకి చూస్తూ ఉండాలి. గుడ్డ వాదరనో మొననో పట్టిందంటే కత్తిని లాగి విసురుతుంది, అది మీ కాళ్ళ వైపే వస్తుంది. మెడలో తువ్వాలు, చేతికి గుడ్డ గ్లవుజు వద్దు. ముందు గోధుమరంగు కంపౌండ్ కడ్డీ, తర్వాత వేరే చక్రం మీద ఆకుపచ్చ కడ్డీ. ఒకే చక్రానికి రెండు కడ్డీలు వేయకండి, ముతక రవ్వ సన్నటి దాంట్లో కలిస్తే మళ్ళీ గీతలే.

నికెల్, క్రోమియం పూతల గురించి ఒక్క మాట: వద్దు. నూరిన చోట పూత పోతుంది, అంచు నుంచి పొరలుగా లేస్తుంది. తుపాకులకి వాడే, వేడి చేయకుండానే నీలి నలుపు తెచ్చే మందు (కోల్డ్ బ్లూ) కూడా వంటింటి కత్తికి వద్దు, అందులో సెలీనియం ఉంటుంది.

కొమ్ము పిడి. పాలిష్, నలుపు అంతా అయ్యాకే పిడి. కొమ్ము వేడికి వంగుతుంది, ఆమ్లానికి పాలిపోతుంది, సోడా నీళ్ళలో నానితే పొర లేస్తుంది. పిడి అతికించాక కత్తి పక్కలకి రెండు పొరల టేపు చుట్టి, కొమ్ముని విడిగా అరగదీయండి. దాని పొడి పీలిస్తే ఊపిరికి మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి. కాలిన వెంట్రుకల వాసన వచ్చిందంటే వేడెక్కింది, ఆపాలి. అడుగున ఎపాక్సీ జిగురు కూడా సుమారు 60–80 డిగ్రీలకే మెత్తబడటం మొదలెడుతుంది. పిడికీ ఉక్కుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా అందులో నీరు చేరి లోపలి నుంచి తుప్పు వస్తుంది, ఆ సందుని జిగురుతోనే నింపండి, మైనంతో కాదు.

అమ్మేముందు అన్నిటికీ పూయడానికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ నాలుగు పాళ్ళు, తేనెమైనం ఒక పాలు తూకంలో తీసుకుని, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి డబ్బాలో పోసుకోండి. చేతివేలితో పలచగా రుద్దితే చాలు, నోట్లోకి పోయినా ఇబ్బంది లేదు. తోలు ఒరలో పెట్టి నిలవ ఉంచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. కాగితంలో చుట్టి, ఒర విడిగా ఇవ్వండి. సోంపేట, కవిటి వైపు పోయే కత్తులతోపాటు 400 కాగితం అర చేయంత ముక్క కూడా పెట్టి, చుక్క కనబడితే ఏ దిక్కుకి లాగాలో కొనేవాళ్ళకి ఒకసారి చేసి చూపించండి: పిడి నుంచి మొనకి.